గాజు మగ్గే రాత్రి

మాది సికింద్రాబాద్, కళాసిగూడ. గాజును బట్టీలో కరిగించి, వెండిలో పొదిగి నగలు చేయడం నా వృత్తి. ఎక్కువగా పతకాలు, జూకాలు, ఉంగరాలు చేస్తాను. ఈ పని గురించి రేడియోలో మాట్లాడమన్నప్పుడు, కంటికి కనిపించని నగ గురించి ఎవరు వింటారని దిగులుపడ్డాను. ఇంటికొచ్చి పనిలో కూర్చున్నాక ఆ దిగులు తీరిపోయింది. ఎందుకంటే నా పనిలో సగం నేను చెవితోనే చేస్తాను. ముందు మీకు ఆ సగం చెబుతాను.

గాజు పలకను కోస్తాం అంటాం గానీ, కోసేదేమీ ఉండదు. చిన్న ఉక్కు చక్రం ఉన్న కత్తితో పలక మీద ఒక గీత గీస్తాం, అంతే. చక్రానికి ఒక చుక్క కిరసనాయిలు ముట్టిస్తాను. గీత సరిగ్గా పడుతుంటే పట్టుగుడ్డ చింపుతున్నట్టు సన్నగా, ఎడతెగకుండా చప్పుడు వస్తుంది. మధ్యలో చప్పుడు ఆగిందంటే నా చెయ్యి తేలిపోయిందని అర్థం, గీత అక్కడ తెగింది. కరకరలాడిందంటే ఎక్కువ నొక్కాను, అంచు పొట్టులేస్తుంది. గీశాక పలకను రెండు చేతుల బొటనవేళ్ల మీద పట్టి కొంచెం వంచితే ‘టక్’మని విడిపోతుంది. ఆ టక్ పొడిగా ఉండాలి, ఒక్కటే ఉండాలి. రెండు వినిపించాయంటే పగులు దారి తప్పింది. ఒకసారి గీసిన గీత మీద మళ్లీ గీయకూడదు. గాజు పనిలో నేను నేర్చుకున్న మొదటి కట్టడి ఇదే.

మన భాషలో ఒక చక్కని సంగతి ఉంది, ఎప్పుడైనా గమనించారా? కిటికీకి బిగించేదీ గాజే, చేతికి తొడుక్కునేదీ గాజే. హిందీలో కాంచ్ వేరు, చూడీ వేరు. తమిళంలో కన్నాడి వేరు, వళయల్ వేరు. మనకు మాత్రం పదార్థానికీ నగకూ ఒకటే పేరు. బంగారంతో చేయించుకున్నా అవి బంగారు గాజులే. చేతి నగ అనగానే మన పెద్దలకు మొదట తోచింది గాజే కాబట్టి, పదార్థం పేరే నగకు నిలిచిపోయిందని నా నమ్మకం. సీమంతానికి చేతుల నిండా గాజులు తొడుగుతాం. అమ్మవారికి గాజులు సమర్పిస్తాం. మా అమ్మమ్మ అయితే ఇంట్లో ‘గాజు పగిలింది’ అననిచ్చేది కాదు, ‘చిట్లింది’ అనాలి. మా చిన్నప్పుడు గాజులాయన మలారం భుజాన వేసుకుని వీధిలోకి వస్తే, అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చెయ్యి చాపేది. ఆయన ఆ చేతి ఎముకలు ఒత్తుతూ, మాటల్లో పెట్టి, నొప్పి తెలియకుండా గాజు ఎక్కించేవాడు. ఇప్పుడు సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో డజన్ల లెక్కన కొనుక్కుంటున్నాం. ఆ మట్టిగాజుల్లో చాలాభాగం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ కొలిముల నుంచి వచ్చినవి.

గాజు పనికి నేనెందుకు దిగానని అడుగుతుంటారు. మా అమ్మమ్మ నల్లపూసల దండ వల్ల దిగాను.

ఆవిడ పోయాక పంపకాల్లో ఆ దండ నా వాటాకు వచ్చింది. బంగారు తీగ అరిగిపోయింది, మార్పించడానికి దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడ బంగారమంతా విప్పి తూకంలో వేసుకుని, పూసల్ని కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. ‘వీటికేమీ రాదమ్మా, గాజే కదా’ అన్నారు. ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. మంగళసూత్రంతో సమానంగా, ఒక మనిషి మెడలో యాభై ఏళ్లు ఉన్న వస్తువుకు తూకంలో విలువ లేదు. ఇంటికొచ్చి ఆ పొట్లం విప్పి, పూసల్ని భూతద్దం కింద పెట్టి చూశాను. అసలు ఇంత చిన్న గాజుకు ఇంత సన్నటి రంధ్రం ఎలా పెట్టారని అప్పుడే మొదటిసారి ఆలోచించాను.

వెతుక్కుంటూ పోతే పాపానాయుడుపేట పేరు తగిలింది. తిరుపతి జిల్లాలో, ఏర్పేడు దగ్గరి ఊరు. గాజుపూసలకు పేరుపడ్డ చోటు. అక్కడి పాత పద్ధతిలో పూసకు ఎవరూ రంధ్రం పెట్టరు. రంధ్రంతోనే గాజు పుడుతుంది. కరిగిన గాజు ముద్దను పొడవాటి ఇనుప గొట్టానికి చుట్టి, శంకువులా తీర్చి, మధ్యలో బోలు నిలిచేలా చేస్తారు. కొలిమికి అవతల కూర్చున్న మనిషి ఆ శంకువు కొస అందుకుని సన్నటి గొట్టంగా లాగుతాడు. చేతులు మార్చుకుంటూ లాగుతూనే ఉంటాడు. ముద్ద లోపలి బోలు, గొట్టం ఎంత సన్నబడ్డా దాని వెంటే సాగుతుంది. ఆ గొట్టాల్ని చిన్నచిన్న ముక్కలుగా తరిగి, ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా బూడిద కలిపి మళ్లీ వేడి చేస్తే, వాటి పదును అంచులు గుండ్రబడి పూసలవుతాయి.

పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు పూసల చరిత్రకే తన జీవితాన్ని ఇచ్చాడు. ఇలా లాగి చేసిన చిన్న పూసలకు ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టింది ఆయనే. పుదుచ్చేరి పక్కన అరికమేడులో రెండువేల ఏళ్ల కిందట పూసలు చేసిన తీరును అర్థం చేసుకోవడానికి ఆయనకు దారి చూపించింది మన పాపానాయుడుపేట పనివాళ్లే. ఆ రకం పూసలు సముద్రం దాటి ఆగ్నేయాసియా దేశాల దాకా వెళ్లాయి. మనకు ఇంకా దగ్గర్లో, సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల్లో నిజాం పురావస్తు శాఖ తవ్వినప్పుడు సాతవాహనుల కాలపు ఊరు బయటపడింది. అక్కడి మ్యూజియంలో పూసలున్నాయి. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి అద్దాల బీరువా ముందు నిలబడి, ఎన్ని రంగులో అనుకున్నాను. రెండోసారి వెళ్లేనాటికి నా చేతికి పని వచ్చింది. ఆ రంగులకు ఎంత వేడి కావాల్సి వచ్చిందో, ఆ వేడిని కట్టెలతో, తోలుతిత్తులతో ఎలా పట్టి ఉంచారో అని గుండె ఝల్లుమంది. నా ముందు డిగ్రీలు అంకెల్లో చూపించే కరెంటు బట్టీ ఉంది. వాళ్లకు కళ్లే అంకెలు.

సరే, గాజు సంగతి ఇది. వెండి పని నాకు పాట్ మార్కెట్‌లో వచ్చింది.

పాట్ మార్కెట్ తెలియనివాళ్లకు చెబుతాను. జనరల్ బజార్ పక్కనే, నగల దుకాణాల వీధి. ముందు వైపు అద్దాల షోకేసులు, దీపాలు. వెనక సందుల్లో, మెట్ల మీది చిన్న గదుల్లో చేత్తో పనిచేసే మనుషులు. అలాంటి ఒక గదిలో అవుసుల తాత ఒకాయన దగ్గర కూర్చున్నాను. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మొదటిరోజు ఆయన అడిగాడు.

‘ఏం నేర్చుకుంటవు బిడ్డా?’

‘టంకం పెట్టడం, తాతా.’

‘దేనికి?’

‘గాజు చుట్టూ వెండి కట్టడానికి.’

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ‘అట్లయితె ముందుగాల ఆ లైట్ బందు చెయ్యి’ అన్నాడు.

లైటు ఎందుకు ఆర్పమన్నాడో వెండి వేడెక్కాక తెలిసింది. వెండి ఎరుపెక్కడం వెలుతురులో కనబడదు. తెల్లటి లోహం, తెల్లగానే ఉన్నట్టుంటుంది, చూస్తుండగానే ముద్దై కూర్చుంటుంది. చీకట్లో అయితే ముందు మసకగా, దానిమ్మ తొక్క రంగులో ఒక ఎరుపు పుడుతుంది. ‘గదే. గా ఎరుపు కనవడంగనే టంకం పారుతది. పారినంక ఒక్క గడియ గూడ మంట ఉంచకు’ అనేవాడు తాత. నీళ్లలో అరగదీసిన వెలిగారం అతుకు మీద పూస్తాం. అది ముందు పాలలా పొంగి, తర్వాత అణిగి, చివరికి అద్దంలా పారుతుంది. వెలిగారం అద్దంలా మారాక, చిన్న టంకం ముక్క ఒక్కసారి వణికి, అతుకు వెంట మెరుపులా పరిగెత్తుతుంది. రెప్ప వేస్తే కనబడదు. నాకు అది పారడం కనబడడానికి మూడు వారాలు పట్టింది. అంతకుముందు ఎన్ని వెండి పట్టీల్ని ముద్ద చేశానో తాత లెక్కపెట్టలేదు. ముద్దైన వెండినంతా మూసలో వేసి మళ్లీ కరిగించి, కమ్మచ్చులో తీగ తీయమని నాకే ఇచ్చేవాడు. వెండిలో ఉన్న గొప్ప గుణం అదే, తప్పు చేసిన వెండి మళ్లీ వెండే అవుతుంది. నా గాజు పనిలో ఆ వెసులుబాటు లేదు.

ఇక ఈ రెండింటినీ ఒకచోట పెట్టడం దగ్గరే అసలు కష్టం ఉంది.

వేడికి ప్రతి పదార్థమూ పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది. ఎవరి పెరుగుదల వాళ్లది. మీటరు పొడవున్న వెండి కడ్డీని 100 డిగ్రీలు వేడిచేస్తే దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే పొడవున్న గాజు అందులో సగం కూడా పెరగదు. కాబట్టి మందపాటి వెండిని గాజు మధ్యలో పెట్టి కరిగిస్తే, చల్లారేటప్పుడు వెండి తన దారిన తాను ముడుచుకుంటూ గాజును చీల్చేస్తుంది. తాళపత్రం కన్నా పల్చటి వెండి రేకు, వెంట్రుకకు నాలుగింతలుండే వెండి తీగ అయితే గాజు భరిస్తుంది. అదీ స్వచ్ఛమైన వెండే కావాలి. స్వచ్ఛమైన వెండి కరగాలంటే 961 డిగ్రీలు దాటాలి. నేను గాజును కరిగించేది 800 దగ్గర. మధ్యలో చాలినంత ఎడం ఉంది. బజారులో నగలకు వాడే 925 వెండిలో నూటికి ఏడున్నర పాళ్లు రాగి ఉంటుంది. అది ఆ వేడికే లోపల మెత్తబడడం మొదలుపెడుతుంది, రాగి నల్లబారుతుంది. అందుకే గాజు లోపల 925 వెండి పెట్టను.

గాజుకు గాజుకు మధ్య కూడా ఇదే పేచీ. కరిగించే గాజు పలకలు 90 రకమని, 96 రకమని వస్తాయి. అవి వేడికి పెరిగే కొలతను చెప్పే అంకెలు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కలిపి కరిగిస్తే చక్కగా అతుక్కుంటాయి కూడా. అతుక్కున్నాయి కదా అని నమ్మితే మోసపోయినట్టే.

నేను మోసపోయాను. పని మొదలుపెట్టిన ఏడాది, ఒక దుకాణం నుంచి పలకలు తెప్పించాను. అన్నీ ఒకే రకమని చెప్పి ఇచ్చారు. వాటితో ఒక పెళ్లికూతురికి పతకం చేశాను. నెమలిపింఛం రంగు మీద పాలరంగు చుక్కలు, చుట్టూ వెండి. వాళ్లు వచ్చి చూసి మురిసిపోయి, పెళ్లికి రెండురోజుల ముందు పట్టుకెళ్తామన్నారు. పెట్టెలో దూదిలో పెట్టి బీరువాలో దాచాను. పందొమ్మిది రోజుల తర్వాత ఒక రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, బీరువాలోంచి ‘టిక్’మని వినబడింది. బల్లి అనుకున్నాను. నా చెవికి మాత్రం తెలిసిపోయింది. లేచి తీసి చూస్తే పాలరంగు చుక్క చుట్టూ చంద్రవంకలా పగులు. ఎవరూ ముట్టుకోలేదు, కింద పడలేదు. బట్టీలోంచి తీసిననాటి నుంచీ ఆ రెండు గాజులూ లోలోపల ఒకదాన్నొకటి లాగుతూనే ఉన్నాయి. పందొమ్మిదో రోజున ఓపిక చచ్చింది. పెళ్లివారికి డబ్బు తిరిగిచ్చాను, వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. ఆనాటి నుంచి ఏ కొత్త పలక వచ్చినా ముందు ఒక చిన్న పట్టీ కోసి, నాకు తెలిసిన గాజు మీద పెట్టి కరిగించి, రెండు పోలరాయిడ్ అద్దాల మధ్య పెట్టి చూస్తాను. లోపల లాగుడు ఉంటే రంగు చుట్టూ తెల్లటి వెలుగు కనబడుతుంది. ఏ వెలుగూ లేకపోతేనే ఆ గాజు నా బల్ల మీదికి వస్తుంది.

ఒక పతకానికి ఎంత సమయం పడుతుందో మీకు వివరంగా చెప్పాలని ఉంది. ఎందుకో తర్వాత చెబుతాను.

కోసిన ముక్కల్ని సానబట్టి, స్పిరిట్‌తో తుడిచి, వేలిముద్ర పడకుండా పట్టకారుతో పేరుస్తాను. బట్టీ పలకకు ముందే తెల్లటి పూత వేసి ఆరబెట్టి ఉంచుతాను, లేకపోతే గాజు పలకకు అంటుకుని ఇక రాదు. కింద 3 మిల్లీమీటర్ల గాజు, పైన 3 మిల్లీమీటర్ల గాజు, మధ్యలో వెండి రేకు. మొత్తం ఆరు. కరిగిన గాజుకు ఒక పట్టుదల ఉంది. దాని మానాన దాన్ని వదిలేస్తే ఆరు మిల్లీమీటర్ల మందానికి వచ్చి ఆగుతుంది. తక్కువ పెడితే అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటుంది, ఎక్కువ పెడితే పక్కలకు పారుతుంది. దాని మాట మనం వింటే అది మన మాట వింటుంది.

ఇక వేడి మెల్లగా ఎక్కిస్తాను. 670 దగ్గర అరగంట ఆపుతాను, రెండు పొరల మధ్య గాలి బయటికి పోవాలి. అక్కణ్నుంచి 800కి పోనిచ్చి పది నిమిషాలు ఉంచుతాను. ఆ పది నిమిషాల్లో కంటి అద్దం పెట్టుకుని సన్నటి రంధ్రంలోంచి లోపలికి చూస్తే, గాజు నారింజ రంగులో తేనెలా మెరుస్తూ, అంచులు ఒదిగి కూర్చుంటుంది. ఆ తర్వాత వేడిని చప్పున దించేస్తాను. 700 ప్రాంతంలో తాత్సారం చేస్తే గాజు మీద తెల్లటి మసక కడుతుంది. 480 దగ్గరికి రాగానే మళ్లీ ఆపుతాను. ఇక్కడి నుంచే అసలు పని. దీన్ని నేను మగ్గపెట్టడం అంటాను. మామిడికాయను గడ్డిలో వేసి మగ్గపెట్టినట్టే, గాజును ఆ వేడిలో గంటసేపు ఉంచాలి. పైన చల్లబడి లోపల వేడిగా ఉంటే గాజులో బిగువు ఉండిపోతుంది. లోపలా బయటా ఒకే వేడికి వచ్చేదాకా ఉంచి, తర్వాత 370 దాకా గంటకు 80 డిగ్రీలకు మించకుండా దించాలి. అక్కణ్నుంచి బట్టీని కట్టేసి, తలుపు మాత్రం ముట్టుకోకూడదు. సాయంత్రం నాలుగింటికి పెట్టిన బట్టీని మర్నాడు ఉదయం తొమ్మిదింటికి గానీ తీయను. ఎండాకాలం రాత్రి, మగ్గే వేళకు కరెంటు పోతే ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు. బట్టీ గోడల్లోని వేడే గాజును కాపాడాలి.

మర్నాడు తీసి, చల్లటి గాజును అరచేతిలో పెట్టుకుని, దాని చుట్టుకొలత వెండి పట్టీతో తీసుకుంటాను. ఈ పట్టీకి కూడా స్వచ్ఛమైన వెండే కావాలి, మెత్తగా ఒంగుతుంది. పట్టీ రెండు కొసలూ అతికి, అడుగు రేకుకు అతికి, కొక్కెం అతికి, చింతపండు పులుసులో ఉడకబెట్టి తెల్లబరిచి, ఆకురాయితో రాసి, కుంకుడు నురగతో తోమి, అన్నీ అయ్యాకే గాజును అందులో కూర్చోబెడతాను. గాజు పెట్టాక ఇక మంట చూపించకూడదు. చుట్టూ ఉన్న అంచును ఉక్కు కడ్డీతో నెమ్మదిగా, ఎదురెదురుగా నొక్కుకుంటూ రావాలి. ఉత్తరం నొక్కితే తర్వాత దక్షిణం, తూర్పు నొక్కితే తర్వాత పడమర. ఒకే వైపు నుంచి వరసగా నొక్కుకుంటూ పోతే చివర్లో వెండి మడత పడుతుంది. ఈ చివరి అరగంటలో నేను ఎవరితోనూ మాట్లాడను.

వెండికీ గాజుకూ మధ్య ఉన్న పాత స్నేహం గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. తెల్లటి గాజు మధ్యలో వెండి రేకు పెట్టి కరిగిస్తే, వెండి తెల్లగా ఉండదు. గాజులోకి కొంత దిగి, పసుపు, తేనె రంగులు పూస్తుంది. మొదటిసారి చూసినప్పుడు పాడైపోయిందని ఏడుపొచ్చింది. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఐరోపాలో 14వ శతాబ్దం నుంచీ చర్చి కిటికీల గాజుకు పసుపు రంగు తెప్పించింది ఇలా వెండితోనే. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో లైకర్గస్ పాత్ర అని ఒకటి ఉంది. 4వ శతాబ్దపు రోమన్ గాజుపాత్ర. వెలుతురు ముందు నుంచి పడితే ఆకుపచ్చగా, వెనక నుంచి పడితే ఎర్రగా కనిపిస్తుంది. ఆ గాజులో కంటికి అందనంత సన్నటి వెండి, బంగారు రేణువులున్నాయి. మన దగ్గర బొల్లారంలో 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి ఉంది, దాని రంగు గాజు కిటికీల్లోంచి పొద్దుటి ఎండ నేల మీద పడడం చూసిన రోజున ఇంటికొచ్చి నా పసుపు పతకాన్ని బీరువాలోంచి తీసి మెడలో వేసుకున్నాను.

మన చుట్టుపక్కల ఈ రెండు పదార్థాలతో, వీటికి దగ్గరి పదార్థాలతో ఎంత పని జరిగిందో చూడండి. కరీంనగర్ వెండి తీగ పని ఉంది. వెంట్రుకల్లాంటి వెండి తీగల్ని మెలితిప్పి, నొక్కి, చుట్టి అత్తరుదానులు, పెట్టెలు, పళ్లేలు చేస్తారు. దానికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, గాజు రాళ్లు ఒక్కొక్కటే అద్ది చేసే లక్కగాజులకు 2024లో వచ్చింది. ఒకప్పుడు మన నిజాం రాజ్యంలోనే ఉన్న బీదర్‌లో, నల్లటి లోహం మీద వెండి పొదుగుతారు. రాజస్థాన్ ప్రతాప్‌గఢ్‌లో థేవా పని అని ఉంది, జాలీలా చెక్కిన పల్చటి బంగారు రేకును రంగు గాజు మీద వేడితో అతుకుతారు. జైపూర్ మీనా పని అంటే కూడా గాజును పొడిచేసి, లోహం మీద నింపి కరిగించడమే. నేను చేసేది కొత్త పని అని కొందరు మెచ్చుకుంటారు. నాకు ఆ మెప్పు అక్కర్లేదు. ఇది మన పాత పనే, బట్టీ మాత్రమే కొత్తది.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, ధర మాట ఎత్తాలి.

నా దగ్గరికి వచ్చినవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమంది మొదట అడిగేది, వెండి ఎన్ని గ్రాములు అని. చెబుతాను. ‘అంత వెండి ఇంతే కదా, మిగతాది గాజే కదా’ అంటారు. అమ్మమ్మ పూసలు పొట్లం కట్టిచ్చిన మాటే మళ్లీ వినబడుతుంది. తూకం తప్పని నేను అనను. బంగారం, వెండి మనకు కష్టకాలంలో ఆదుకునే ఆస్తి, తూకం చూసుకోవాల్సిందే. స్వచ్ఛత కూడా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండి నగలకు కూడా హెచ్‌యూఐడీ అనే, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య వేసే ఏర్పాటు వచ్చింది. మొదలైనప్పుడు దాన్ని తప్పనిసరి చేయలేదు, అయినా అడిగి వేయించుకోండి. కాని తూకంలో పడనిది ఒకటి ఆ నగలో ఉంది. ఒక రాత్రంతా మగ్గిన గాజు ఉంది. చీకటి గదిలో మసక ఎరుపు కోసం కాచుకున్న కళ్లున్నాయి. పాట్ మార్కెట్ వెనక సందుల్లో అలాంటి కళ్లున్న మనుషులు ఇంకా ఉన్నారు. మిషన్ నగలు వచ్చాక వాళ్లకు మిగిలింది ఎక్కువగా అతుకులు, మరమ్మతులు. మా తాత కొడుకు ఈ పనిలోకి రాలేదు, ఆటో నడుపుతాడు. తాత దాని గురించి ఎప్పుడూ బాధపడి మాట్లాడలేదు. ‘మంట ముందల కూసుంటె కండ్లు పోతయి బిడ్డా, ఆనికెందుకు’ అంటాడు. ఆ మాట అన్నాక మాత్రం కొంచెంసేపు ఊదుగొట్టం పక్కన పెట్టి ఊరుకుంటాడు.

అందుకే మిమ్మల్ని కోరుతున్నాను. ఈసారి చేతి పని నగ కొనేటప్పుడు, గ్రాములు అడిగాక ఇంకో ప్రశ్న అడగండి. ఎవరు చేశారు, ఎన్ని రోజులు పట్టింది అని అడగండి. నగను తిరగేసి వెనక వైపు చూడండి. అతుకు శుభ్రంగా ఉందా, అంచులు చర్మానికి గుచ్చుకోకుండా రాశారా చూడండి. వెనక వైపు కూడా శ్రద్ధగా చేసినవాళ్లకు వాళ్లు అడిగిన కూలి ఇవ్వండి. దాని మీద బేరం ఆడకండి.

ఇంకొకటి. మీ ఇంట్లో అమ్మమ్మల నాటి నల్లపూసల దండ ఉంటే, రేపు పొద్దున వెలుతురులో ఒక్క పూసను భూతద్దం కింద పెట్టి చూడండి. రంధ్రం వెంట సన్నటి గీతలు నిలువుగా సాగి ఉంటే, అది గొట్టంగా లాగి చేసిన గాజు. గీతలు రంధ్రం చుట్టూ తిరిగి ఉంటే, కడ్డీకి చుట్టి చేసిన గాజు. నా దగ్గరున్న మా అమ్మమ్మ పూసల్లో గీతలు నిలువుగా ఉన్నాయి. వాటిని కొత్త వెండి తీగలో నేనే గుచ్చుకున్నాను. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నప్పుడు కూడా అవి నా మెడలోనే ఉన్నాయి.